పాఠకుల ప్రశ్నలు: రచయిత వస్తున్నారు, మనం చదివామా?

ప్రశ్న: మేడమ్ గారూ, మా యూనివర్సిటీలో ఈ ఏడాది సృజనాత్మక రచనా కేంద్రం పెట్టారు. నెలకో రచయితను పిలిచి వాళ్ల రచనలు వాళ్ల చేతే చదివించాలని ఉద్దేశం. మొదటి సభకు ఆడిటోరియం నిండిపోయింది కానీ వచ్చినవాళ్లలో సగం మంది అటెండెన్స్ కోసం వచ్చారు. రెండు గంటల సభలో రచయిత్రికి దక్కింది పావుగంట. ప్రశ్నలు అడగమంటే ఒక్క చెయ్యీ లేవలేదు. ఆవిడ ముందు తల ఎత్తుకోలేకపోయాను. రెండో సభ అయినా సరిగ్గా జరగాలంటే ఏం చేయాలి?
తెలుగు అధ్యాపకుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. స్వాగత వచనాలు, జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షుల వారి తొలి పలుకులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, మధ్యమధ్యలో శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. ఇవన్నీ అయ్యి రచయిత్రి మైకు అందుకునేసరికి పిల్లలు మెస్ టైమ్ చూసుకుంటూ ఉంటారు, అది వాళ్ల తప్పు కాదు. రచయితకు సన్మానం చేయొద్దని నేననను. శాలువా కప్పండి, రెండు నిమిషాల్లో కప్పేసి అందరూ కింద కూర్చోండి. ఆ మనిషికి అసలైన మర్యాద ఏమిటంటే ఆవిడ రాసింది మనం చదివి రావడం.

అందుకని పని సభ రోజున కాదు, రెండు వారాల ముందు మొదలవ్వాలి. రచయితకే ఫోన్ చేసి ఏ రెండు కథలు చదువుతారో కనుక్కోండి, అనుమతి తీసుకుని వాటిని జిరాక్స్ తీయించి పిల్లల చేతిలో పెట్టండి, కుదిరితే పుస్తకమే ఓ పది కాపీలు కొని లైబ్రరీలో ఉంచండి. ఒక కథ క్లాసులో కలిసి చదవండి. ఒక్కొక్కరూ ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకుని రావాలని చెప్పండి. ‘మీకు ప్రేరణ ఎవరు’, ‘యువతకు మీరిచ్చే సందేశం ఏమిటి’ లాంటివి వద్దని ముందే చెప్పేయండి, ఎందుకంటే వాటికి జవాబులు కథ చదవకుండానే చెప్పొచ్చు. ‘నాలుగో పేజీలో అన్నయ్య గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, లోపలికెందుకు రాలేదు?’ అని అడిగే పిల్లవాడు ఒక్కడున్నా చాలు, రచయిత కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంటారు.

ఇక గది. ఆడిటోరియం మానేయండి. ముప్ఫై నలభై మంది పట్టే క్లాసు గది తీసుకుని, కుర్చీలు అర్ధచంద్రాకారంగా వేయించి, అటెండెన్స్ లేదని నోటీసులోనే రాయండి. పన్నెండు మందే వస్తే పన్నెండు మందితోనే జరపండి. పరిచయం మూడు నిమిషాలు, అదీ ఒక విద్యార్థి చేత, అవార్డుల జాబితాతో కాకుండా తనకు నచ్చిన ఒక కథ గురించి. రచయిత పాతిక నిమిషాలు చదవాలి. చదవమంటే చదవమనే, ఉపన్యాసం కాదు. తర్వాత ముప్పావుగంట ప్రశ్నలు, మొదటి అయిదూ విద్యార్థులవే. అధ్యాపకులు నోరు కట్టుకుని కూర్చోవడం కష్టమే కానీ, పెద్దలు మొదలుపెడితే పిల్లలు ఇక నోరు విప్పరు.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఇక్కడే బెజవాడలో ఒక కాలేజీలో జరిగింది కళ్లారా చూశాను. వచ్చిన కథకుడు తన పుస్తకం తెరిస్తే పేజీల నిండా పెన్సిలు గీతలు, కొన్ని వాక్యాలు కొట్టేసి ఉన్నాయి, మార్జిన్‌లో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చిన్న టిక్కులు. చదువుతూ చదువుతూ ఒక పేరా మొత్తం దాటేశాడు. జిరాక్స్ కాగితం మీద వేలు పెట్టుకుని వెంట చదువుతున్న సెకండియర్ అమ్మాయి చెయ్యెత్తి, ‘సార్, ఇక్కడ వాన గురించి ఒక పేరా ఉంది, మీరు చదవలేదు’ అంది. అచ్చయ్యాక తెలిసిందమ్మా, పైకి చదివినప్పుడల్లా అక్కడ కథ ఆగిపోతోంది, అందుకే తీసేస్తున్నాను అన్నాడాయన. ఆ పిల్ల ఒప్పుకోలేదు, ఆ వాన లేకపోతే చివర్లో గుమ్మం బయట తడిసిన చెప్పులు ఎవరివో మాకెలా తెలుస్తుంది అని అడిగింది. ఇక చూడండి, వెనక బెంచీ నుంచి ఒకడు లేదు లేదు, చెప్పులు తడిశాయంటే వాన పడిందనే కదా, వేరే చెప్పాలా అన్నాడు, ఇంకో అమ్మాయి ఆ ఇంట్లో బోరింగు కూడా ఉంది కాబట్టి వానే అని ఎలా అనుకుంటాం అంది. అరగంట అదే చర్చ. ఒక పేరా ఉంచాలా తీయాలా అన్నది రాసేవాళ్లకు ఎంత పెద్ద సంగతో ఏ పాఠ్యపుస్తకమూ అంత బాగా చెప్పలేదు. ఆ అమ్మాయి చేతిలో ముందుగా ఆ కాగితం లేకపోతే ఇదేమీ జరిగేది కాదు.

ఖర్చు సంగతి ఒక మాట. ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి ఎక్కడెక్కడి రచయితలో వస్తారు. అప్పుడే అడిగితే గుంటూరు దాకా రావడానికి చాలామంది కాదనరు, ప్రయాణ ఖర్చు తగ్గుతుంది. నవంబరులోనే ఫోన్లు చేయండి, డిసెంబరు ఆఖరున చేస్తే ఎవరూ ఖాళీగా ఉండరు. సాహిత్య అకాడమీ వాళ్లు కవిసంధి, కథాసంధి అని ఒక్క రచయితతోనే సాయంత్రం గడిపే కార్యక్రమాలు చేస్తుంటారు, అలాంటిది దగ్గర్లో జరిగితే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

ప్రశ్న: నమస్కారమమ్మా. కవిత్వం, కథ పుట్టుకతో రావాలి గానీ యూనివర్సిటీలో క్లాసు పెట్టి నేర్పితే వస్తాయా? ఇదంతా అమెరికా వాళ్ల ఫ్యాషన్ కాదా?
రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: క్లాసు పెట్టడం వరకూ అమెరికా వాళ్లే ముందు, నిజమే. అయోవా యూనివర్సిటీలో రైటర్స్ వర్క్‌షాప్ 1936లో మొదలైంది. ఇతర దేశాల రచయితలను పిలిచి కొన్ని వారాలు ఉంచుకునే కార్యక్రమం అక్కడే 1967లో పెట్టారు. టర్కీ రచయిత ఓర్హాన్ పాముక్, చైనా రచయిత మో యాన్ ఇద్దరూ నోబెల్ రాకముందు ఆ కార్యక్రమానికి వెళ్లినవాళ్లే. ఇంగ్లండులో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ 1970లో కోర్సు పెడితే తొలి విద్యార్థి, తర్వాత పెద్ద నవలాకారుడైన ఇయాన్ మెక్‌యువన్. తర్వాత పదేళ్లకు అక్కడే చదివిన కజువో ఇషిగురోకు 2017లో నోబెల్ వచ్చింది.

కానీ గురువు దగ్గర కూర్చుని రాయడం నేర్చుకోవడం మనకు కొత్త కాదండీ. బందరు హిందూ హైస్కూల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు తెలుగు పండితులుగా ఉన్నప్పుడు ఆయన క్లాసులో కూర్చున్న పిల్లవాడు విశ్వనాథ సత్యనారాయణ. ఆయనే తర్వాత మన విజయవాడ ఎస్సారార్ కాలేజీలో పాఠాలు చెప్పారు, 1970కి తెలుగులో తొలి జ్ఞానపీఠం ఆయనదే. ఒక స్కూలు గదిలోంచి ఎంత వచ్చిందో చూడండి. గుంటూరు ఏసీ కాలేజీలో జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు పాఠం చెప్పేవారు, అదీ అంతే. కవిగారు ఎదురుగా నిలబడి తన గొంతుతో పద్యం చదువుతుంటే వినడం దానికదే ఒక చదువు.

నేర్పగలిగింది ఎంతవరకు అంటే, కథ ఎవరి కళ్లతో చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, సంభాషణలో ఏది అనకుండా వదిలేయాలి, మొదలుపెట్టింది ఎలా పూర్తిచేయాలి, పూర్తయ్యాక ఎక్కడ కోయాలి, ఇంతవరకు నేర్పొచ్చు. చెప్పాల్సిన విషయం మాత్రం ఎవరి దగ్గర వాళ్లకే ఉండాలి. సంగీతానికి పుట్టుకతో గొంతు ఉండాలని అంటూనే మనం పిల్లల్ని టీచరు దగ్గరికి పంపిస్తున్నాం కదా, కథ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేర్చుకోవడం నామోషీ ఎందుకవ్వాలి?

ప్రశ్న: మేడమ్, మా రచనా కేంద్రంలో శనివారం వర్క్‌షాప్ ఉంటుంది. పోయిన నెల నా కథ చదివారు. రూల్ ప్రకారం రాసినవాళ్లు మాట్లాడకూడదు. అందరూ నలభై నిమిషాల సేపు అది బాలేదు ఇది బాలేదు అన్నారు, ఒకబ్బాయి మా అమ్మమ్మ పాత్రను ‘సీరియల్ క్యారెక్టర్’ అన్నాడు. హాస్టల్‌కి వచ్చి ఏడ్చాను. మళ్లీ వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. వచ్చే నెల ఒక పెద్ద రచయిత్రి వస్తున్నారు, ఆవిడ ముందు మాలో ముగ్గురం చదవాలట, అందులో నా పేరు ఉంది.
బీఏ విద్యార్థిని, గుంటూరు

జవాబు: ముందు ఆ సంగతి, అమ్మా. నీ పేరు ఆ ముగ్గురిలో ఉందంటే నీ రచనలో ఏదో ఉందని మీ కేంద్రంలో ఎవరో ఒకరు గట్టిగా అనుకున్నారు. అది మర్చిపోకు.

రాసినవాళ్లు నోరు మూసుకుని కూర్చోవాలన్న నియమం అయోవా నుంచి ప్రపంచమంతా పాకింది. దాని వెనక ఉద్దేశం మంచిదే, పత్రికలో అచ్చయ్యాక ప్రతి పాఠకుడి పక్కనా కూర్చుని ‘నా ఉద్దేశం అది కాదు’ అని వివరించలేం కదా. కానీ చదివేవాళ్లకు పద్ధతి నేర్పకుండా రాసినవాళ్లను మాత్రం నోరెత్తొద్దంటే అది వర్క్‌షాప్ కాదు, పంచాయితీ. ఇప్పుడు ఆ నియమాన్ని చాలాచోట్ల సడలిస్తున్నారు. లిజ్ లెర్మన్ అనే అమెరికన్ నృత్య దర్శకురాలు 1990 ప్రాంతంలో వేరే పద్ధతి తయారుచేసింది, నాట్యం కోసం మొదలైనా రచనకూ చక్కగా సరిపోతుంది. ముందు చదివినవాళ్లు తమకు ఏది మనసుకు పట్టిందో, ఏది గుర్తుండిపోయిందో చెబుతారు. తర్వాత రాసిన మనిషే తన సందేహాలు అడుగుతుంది. ఆ తర్వాత చదివినవాళ్లు అడగొచ్చు, కానీ ప్రశ్నలో తీర్పు ఉండకూడదు. చివరికి ఎవరికైనా అభిప్రాయం చెప్పాలని ఉంటే ‘అమ్మమ్మ గురించి నాకో అభిప్రాయం ఉంది, వింటావా?’ అని అడిగి, ఊ అంటేనే చెప్పాలి. వద్దనే హక్కు నీకుంది.

మూడో మెట్టు అన్నిటికన్నా కష్టం. ‘అమ్మమ్మను ఎందుకంత సాగదీశావ్?’ అన్నది ప్రశ్నలా కనిపించే తిట్టు. ‘అమ్మమ్మ మీద మూడు పేజీలు రాశావు కదా, ఆ మూడు పేజీల్లో మేము ఏం గమనించాలని అనుకున్నావు?’ అంటే నీకు పని దొరుకుతుంది. నువ్వే ఈ పద్ధతి మీ మేడమ్‌కి చెప్పి ఒక్క శనివారం చేసి చూద్దామని అడుగు. ఒప్పుకోకపోతే కనీసం నీ కథ వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు నువ్వే రాసి కాగితాలతో పాటు ముందు పంచిపెట్టు, చర్చ వాటి చుట్టూ తిరుగుతుంది.

ఆ అబ్బాయి అన్న మాట గురించి కూడా చెబుతాను, నీకు కోపం వచ్చినా సరే. అన్న తీరు చెడ్డది. కానీ ఒకసారి ఆ మూడు పేజీలు తీసి, మీ అమ్మమ్మ తప్ప ఇంకే అమ్మమ్మా చేయని పని ఒక్కటైనా అందులో ఉందా చూడు. ఉంటే ఆ మాట వదిలెయ్. లేకపోతే అది వెతికి పెట్టు.

ఇక చదవడం. ఎంత టైమ్ ఇచ్చారో కనుక్కుని అంతకన్నా ఒక నిమిషం తక్కువ పట్టే భాగం ఎంచుకో. ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ గది తలుపేసుకుని పైకి చదువు, నాలిక తడబడిన చోటల్లా పెన్సిలుతో గీత పెట్టుకో, ఆ వాక్యం మార్చేయ్, అక్కడ తప్పు నీ నాలికది కాదు, వాక్యానిది. కాగితం ఒకవైపే, పెద్ద అక్షరాలతో ప్రింటు తీసుకో. ‘నేనేం పెద్ద రచయితను కాదు, తప్పులుంటే క్షమించండి’ అని మాత్రం మొదలుపెట్టకు. పేరు చెప్పు, కథ పేరు చెప్పు, చదువు.

ప్రశ్న: చదవడానికి వచ్చే రచయితకు డబ్బు ఇవ్వాలా? మా ప్రిన్సిపాల్ గారు ‘పిలవడమే గౌరవం’ అంటున్నారు.
కాలేజీ లైబ్రేరియన్, విజయవాడ

జవాబు: ఇవ్వాలి. రానుపోను ఛార్జీలు, బస, పారితోషికం, మూడూ. ఎంతన్నది మీ శక్తిని బట్టి, కానీ ఎంతో పిలిచేటప్పుడే చెప్పాలి, వచ్చిన రోజే చేతిలో పెట్టాలి లేదా ఖాతాలో వేయాలి. బిల్లు శాంక్షన్ కావాలి, మళ్లీ ఫోన్ చేస్తాం అని ఒక రచయితను నెలల తరబడి తిప్పడం చాలా అన్యాయం. శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలేజీకి అనుబంధంగా ఉన్న పొయెట్రీ సెంటర్ 1954లో ఎలా పుట్టిందో మీ ప్రిన్సిపాల్ గారికి చెప్పండి. ఆడెన్ అనే కవి అక్కడ చదివినందుకు ఇచ్చిన పారితోషికాన్ని తిరిగి వాళ్లకే ఇచ్చి, దీంతో కేంద్రం మొదలుపెట్టండి అన్నాడు. తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది కవి ఇష్టం. మనం ముందు ఇవ్వాలి కదా.

ప్రశ్న: ఎమ్మే తెలుగు చదువుతున్నాను. ప్రాజెక్టుగా ఎవరో ఒక రచయిత మీద పరిశీలన రాయాలి. నా సొంత కథలు పది ఇస్తానంటే కుదరదంటున్నారు. ఎక్కడైనా కుదురుతుందా?
విద్యార్థి, గుంటూరు జిల్లా

జవాబు: కుదురుతుంది. సొంత రచనను డిగ్రీ సిద్ధాంత గ్రంథంగా తీసుకుంటామని అయోవా యూనివర్సిటీ 1922లోనే చెప్పింది. అంటే వర్క్‌షాప్ పేరు పుట్టడానికి పద్నాలుగేళ్ల ముందే. మీ దగ్గర ఇది మీ గైడ్ ఒక్కరి చేతిలో ఉండదు, సిలబస్ నిర్ణయించే కమిటీ, అంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పెట్టాలి. కాబట్టి నలుగురైదుగురు కలిసి అర్జీ రాయండి. పది కథలతో పాటు పదిహేను ఇరవై పేజీల వ్యాసం, ఏ కథ ఎందుకలా రాశాను, ఎవరిని చదివాక నా పద్ధతి మారింది, ఎన్ని చిత్తుప్రతులు మార్చాను అని, జతచేస్తామని అందులో చెప్పండి. మార్కులు ఎలా వేయాలన్న భయమే పెద్దలను ఎక్కువగా ఆపుతుంది, ఆ వ్యాసం ఉంటే వాళ్లకు పట్టు దొరుకుతుంది. ఈ ఏడాది కాకపోయినా మీ తర్వాతి బ్యాచ్‌కి దారి పడుతుంది.

ప్రశ్న: మాది మాచర్ల వైపు. మా యాసలో కథలు రాస్తాను. రచయితల ముందు చదివేటప్పుడు పుస్తక భాషలోకి మార్చి చదవమని మా సార్ అంటారు.
ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: మార్చకు బాబూ. పల్నాడు మాట పల్నాడు గొంతుతో వినిపించే అవకాశం సభలోనే ఉంది, కాగితం మీద సగమే తెలుస్తుంది. ఒక్కటి చూసుకో, కథ చెప్పే గొంతు, మనుషులు మాట్లాడుకునే గొంతు రెండూ యాసలోనే ఉండాలా, మాటల్లో మాత్రమేనా అన్నది ముందు తేల్చుకుని ఆఖరిదాకా అలాగే ఉంచు. మీ సార్‌తో వాదన పెట్టుకోకు, మొదటి పేజీ రెండు రకాలుగానూ ఆయనకే చదివి వినిపించు.

ప్రశ్న: మా కేంద్రంలో జరిగే పఠనాలను వీడియో తీసి నెట్‌లో పెడదామనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
విద్యార్థి సమన్వయకర్త, విజయవాడ

జవాబు: తప్పకుండా తీయండి. అమెరికాలోని అరిజోనా యూనివర్సిటీ పొయెట్రీ సెంటర్ 1960లో మొదలైంది, వాళ్ల దగ్గర 1963 నుంచీ కవులు చదివిన రికార్డింగులు ఉన్నాయి, ఈరోజు ఎవరైనా ఇంట్లో కూర్చుని వినొచ్చు. మన విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైన దగ్గర్నుంచి ఎందరు కవులూ కథకులూ ఆ మైకు ముందు కూర్చున్నారో తలుచుకుంటే, ఆ గొంతులు అన్నీ ఇవాళ్టి పిల్లలకు అందుబాటులో ఉంటే ఎంత బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

జాగ్రత్తల్లో మొదటిది రాతపూర్వకమైన అనుమతి. మన చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత అరవై ఏళ్లు ఉంటుంది. సభకు వచ్చి చదివారు కాబట్టి నెట్‌లో పెట్టుకోవచ్చని అనుకోవద్దు. రికార్డు చేయడానికి, దాచడానికి, నెట్‌లో పెట్టడానికి విడివిడిగా ఒప్పుకున్నట్టు ఒక పేజీ కాగితం మీద సంతకం తీసుకోండి. చదివే విద్యార్థుల దగ్గరా తీసుకోండి, ముఖ్యంగా ఇంటి సంగతులు రాసిన అమ్మాయిల దగ్గర. రెండోది శబ్దం. బొమ్మ బాగోకపోయినా ఫర్వాలేదు, మాట వినపడాలి, కాబట్టి కాలరు మైకు ఒకటి కొనండి, ఫ్యాన్లు తగ్గించండి. ఫైలు పేరులో తేదీ, రచయిత, చదివిన రచన పేరు ఉండాలి. పేర్లు లేని ఫైళ్లు రెండేళ్ల తర్వాత ఎవరికీ పనికిరావు.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్. వీకెండ్స్ అంతా ఈ రచనా కేంద్రంలోనే గడుపుతున్నాడు. దీంతో బతుకుతెరువు దొరుకుతుందా అండీ?
ఒక తల్లి, పటమట

జవాబు: కథల మీద మాత్రమే ఇల్లు గడవడం తెలుగులో చాలా కష్టమమ్మా, అబద్ధం చెప్పను. సినిమాలు, వెబ్ సిరీస్‌లు, ప్రకటనలు, అనువాదాల్లో రాసేవాళ్లకు పని ఉంది కానీ నిలకడ ఉండదు. డిగ్రీ పూర్తిచేయమనండి, వీకెండ్ మాత్రం లాక్కోకండి. వాడు రాసిందేదైనా ఒకసారి మీకు చదివి వినిపించమని అడిగి చూడండి, వాడికి చాలా సంతోషంగా ఉంటుంది.

ప్రశ్న: నేను ఇంటర్‌తో చదువు ఆపేశాను. వన్‌టౌన్‌లో బట్టల షాపులో పనిచేస్తాను. కవితలు రాసుకుంటాను. యూనివర్సిటీల్లో రచయితలు వచ్చి చదువుతారని పేపర్లో చూశాను. నాలాంటివాళ్లను రానిస్తారా?
పాఠకుడు, విజయవాడ

జవాబు: రానివ్వాలి తమ్ముడూ. ఇందాక చెప్పిన అరిజోనాలో రచయితల పఠనాలకు ఊళ్లో ఎవరైనా టికెట్ లేకుండా వెళ్లొచ్చు. అయోవాలో బయటి దేశాల నుంచి వచ్చిన రచయితలు ఆదివారాలు ఊళ్లో ఉన్న ప్రెయిరీ లైట్స్ అనే పుస్తకాల షాపులో చదువుతారు, చుట్టుపక్కల వాళ్లంతా వెళ్లి కూర్చుంటారు. మన ఏలూరు రోడ్డులో ఇన్ని పుస్తకాల షాపులు, ఊళ్లో ఇన్ని గ్రంథాలయాలు పెట్టుకుని యూనివర్సిటీ గేటు లోపలే సభ పెట్టడం ఎందుకో, నడిపేవాళ్లు ఆలోచించాలి. నెలలో ఒక సభ ఊళ్లో, ఆదివారం సాయంత్రం, మీలాంటివాళ్లకు వీలయ్యే టైములో పెట్టమని ఈ పేజీ చదివే అధ్యాపకులందరినీ అడుగుతున్నాను.

అంతవరకూ మీరు చేయాల్సింది, సభ ఉందని తెలిస్తే ఒకరోజు ముందు తెలుగు శాఖకు ఫోన్ చేసి పేరు చెప్పండి, గేటు దగ్గర సెక్యూరిటీకి లిస్టులో మీ పేరు రాయమనండి. వచ్చే రచయిత పుస్తకం కొనే వీలు లేకపోతే లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల్లో వెతకండి, దొరకకపోతే లైబ్రరీలో అడగండి, ఒక్క కవితైనా చదివి వెళ్లండి. చివర్లో కొత్తవాళ్లు చదవడానికి టైమ్ ఇస్తే పేరివ్వండి. ఏం చదువుకున్నావని అక్కడెవరూ అడగకూడదు. అడిగితే నాకు రాయండి.